వీ-క్రాస్‌కు పెద్ద టైర్లు: విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపు పనితనం

మా ఇసుజు వీ-క్రాస్ పికప్ బండికి కంపెనీ ఇచ్చిన టైర్లు 255/60 ఆర్18 (255 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 60 శాతం పక్క గోడ ఎత్తు, 18 అంగుళాల రిమ్ము). కృష్ణ ఒడ్డున ఉన్న మా లంక పొలానికి వెళ్లే దారి సగం ఇసుక, వాన పడితే మిగతా సగం ఒండ్రు బురద. పాత టైర్లు తారు రోడ్డు కోసం చేసినవి కావడంతో గాడుల నిండా ఒండ్రు పట్టి, నాలుగు గజాలు పోయేలోపే నున్నగా తయారయ్యేవి. రెండు వర్షాకాలాలు ట్రాక్టరుతో లాగించుకున్న తరువాత 265/65 ఆర్18 కొలతలో ఏటీ (ఆల్ టెర్రెయిన్, అంటే అన్ని రకాల నేలలకూ పనికొచ్చే) టైర్లు వేయించాలని నిర్ణయించుకుని ఆటోనగర్‌లోని ఒక షాపుకు వెళ్లాను. వారి పనిలో ఒక పొరపాటు కూడా జరిగింది కనుక షాపు పేరు రాయడం లేదు.

పాత టైరు ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు, కొత్తది 802. అందులో సగమే బండి కిందికి అదనపు ఎత్తుగా వస్తుంది కనుక మనకు దక్కేది 19 మిల్లీమీటర్లు మాత్రమే. అసలు లాభం వెడల్పాటి గాడులలోనూ, గాలి తగ్గించినప్పుడు ఇసుక మీద పరుచుకునే ఎత్తైన పక్క గోడలోనూ ఉంది. ఇంకా పెద్దవి వేయవచ్చా అని నేను అడిగితే మేస్త్రి ఒప్పుకోలేదు. "లిఫ్ట్ చేయించకుండా (సస్పెన్షన్ ఎత్తు పెంచకుండా) వేస్తే బరువు వేసిన రోజు తెలుస్తుందండీ" అన్నారు.

ఈ షాపు నాకు నచ్చింది ఆయన చేసిన పరీక్ష వల్లనే. నాలుగు టైర్లూ ఒకేసారి విప్పకుండా, ముందు ఎడమ వైపు ఒక్కటే బిగించి, దాని అంచుకు సుద్ద పూసి, ఆ చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పమన్నారు. దించి చూస్తే మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనర్ కింది మూలలో రెండు వేళ్ల వెడల్పున తెల్లటి గీత పడి ఉంది. రివర్సులో పూర్తిగా తిప్పినప్పుడు టైరు తగిలే చోటు అది. ఇనుము ఎక్కడా కోయకుండా, ఆ మూలను వేడి చేసి వెనక్కి నొక్కి, స్క్రూతో బిగించి, మళ్లీ సుద్ద పూసి తిప్పించారు. రెండోసారి గీత పడలేదు. తగిలితే అప్పుడు చూద్దామనే చోట ఈ పని ఎన్నటికీ చేయించకూడదు.

బ్యాలెన్సింగ్‌లో ఒక టైరుకు సీసం ముక్కలు ఎక్కువ పడుతున్నాయని గాలి తీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు జరిపి, మళ్లీ తూచారు. నట్లను గన్‌తో బిగించి వదిలేయకుండా చివర టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో కొలిచే పానా) వాడారు.

పొరపాటు స్టెప్నీ విషయంలో జరిగింది. నాలుగు టైర్లకే బిల్లు వేసి, పాత కొలత స్టెప్నీని అలాగే ఉంచేశారు. దాని గురించి నాకు ఒక్క మాటా చెప్పలేదు. మూడు వారాల తరువాత లంక దారిలో వెనుక టైరు పంక్చరై, ఆ స్టెప్నీ బిగించుకున్నాను. ఒకే ఇరుసుకు రెండు ఎత్తుల చక్రాలుంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల అమరిక) నిరంతరం పని చేస్తూనే ఉండాలి. పైగా ఈ బండికి ముందు, వెనుక ఇరుసుల మధ్య అలాంటి డిఫరెన్షియల్ లేదు కనుక, ఆ స్థితిలో గట్టి నేల మీద ఫోర్ వీల్ వేస్తే పళ్లచక్రాల మీద ఒత్తిడి పడుతుంది. అందుకే బండిని గట్టు మీదే ఆపి పొలానికి నడిచి వెళ్లాను. షాపుకు వెళ్లి చెబితే తమదే తప్పని ఒప్పుకుని, ఐదో టైరు తెప్పించి బిగింపు కూలి తీసుకోలేదు.

మీటరులోనూ తేడా వచ్చింది. ఇదివరకు మీటరు 80 చూపితే జీపీఎస్‌లో 76 ఉండేది. ఇప్పుడు రెండూ 80 చూపుతున్నాయి. కానీ ఇదివరకు సరిగ్గా ఉన్న ఓడోమీటరు ఇప్పుడు తిరిగిన దూరాన్ని అయిదు శాతం తక్కువగా లెక్కిస్తుంది. అది సరిచేయకుండా మైలేజీ పడిపోయిందని అనుకోవడం సరికాదు. మా బండికి లెక్కలో లీటరుకు 10.5 కిలోమీటర్లు వచ్చినప్పుడు నిజానికి 11 వచ్చింది. ఇదివరకు 12 వచ్చేది కనుక తగ్గిన మాట వాస్తవమే. ఇదివరకు మూడో గేరులో ఎక్కే కొండపల్లి కోట ఘాట్ మలుపులకు ఇప్పుడు రెండో గేరు వేయవలసి వస్తోంది.

చట్టం మాట షాపువారు చెప్పరు, మనమే చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల డబ్బు కట్టకముందే కొత్త కొలత రాసి, ఇన్సూరెన్స్ వారి నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి.

పాత స్టెప్నీని షాపువారే తిరిగి కొన్నారు. కొత్తది బండి కింద బొటనవేలి మందం సందుతో పట్టింది. ఐదూ సమానంగా అరగాలని, టైర్ల స్థానాలు మార్చే వరుసలో స్టెప్నీని కూడా చేర్చి, ఆ క్రమాన్ని బిల్లు వెనుక బొమ్మ గీసి ఇచ్చారు.