బ్యాలెన్స్ బైక్ పేరుతో పెడల్స్ పీకేసిన సైకిల్ అంటగడుతున్నారు, చిన్నపిల్లల తల్లిదండ్రులూ జాగ్రత్త

శనివారం జరిగింది, ఇంకా కోపం దిగలేదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు ఆ పేజీ ఏదో చెప్పకుండానే తెలిసిపోతుంది: పసుపు రంగు బ్యాలెన్స్ బైకులు (పెడల్స్, చైన్ లేకుండా పిల్లలు కాళ్లతో తోసుకుంటూ బ్యాలెన్స్ నేర్చుకునే బండ్లు), ఆరు కలిపి కొంటే ఒక పూట ట్రైనింగ్ ఉచితం అనే ప్రకటన. ఫిర్యాదు పెట్టాం కాబట్టి పేరు రాయను. మా బ్లాకులో ఆరు ఇళ్లవాళ్లం తలా ఒకటి కొన్నాం. ఒక్కోటి 4,800. డబ్బంతా ముందే కట్టించుకున్నారు. మిగతా ఐదుగురూ నా మాట మీద కొన్నారు, అదే నన్ను తినేస్తోంది.

ప్రకటనలో ఉన్నది ఇది. సీటు ఎత్తు 32 నుంచి 40 సెంటీమీటర్లు, బరువు 2.9 కిలోలు, గాలి టైర్లు. మా పిల్లలు రెండున్నర నుంచి నాలుగేళ్ల వాళ్లు, కాలి లోపలి కొలత (కాళ్ల మధ్య నుంచి నేల దాకా) 34 నుంచి 41 సెంటీమీటర్ల దాకా ఉంది. సీటు ఆ కొలత కంటే 2, 3 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. అంటే పిల్లాడు కూర్చున్నప్పుడు రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి, మోకాళ్లు కాస్త వంగి ఉండాలి. మునివేళ్లు తగిలితే సరిపోదు. ఈ బండిని ముందుకు నడిపేదీ పాదమే, ఆపేదీ పాదమే, పడబోతే పట్టుకునేదీ పాదమే. 32 అని రాశారు కాబట్టి అందరికీ సరిపోతుందని లెక్క వేసి చెప్పాను.

పెట్టె విప్పి, సీటు రాడ్‌ను పూర్తిగా లోపలికి దించి టేపు పెడితే 39 వచ్చింది. ఆరింటికీ అంతే. ఆ 32 ఎక్కడిదా అని చూస్తే, ఫ్రేమ్ గొట్టం మీద సీటు రాడ్‌ను బిగించే క్లాంప్ ఉంటుంది కదా, దాని పై అంచు వరకు సరిగ్గా 32. దాని మీద సీటు, సీటు కింది కమ్మీలు కలిపి ఇంకో 7 సెంటీమీటర్లు. పిల్లలు క్లాంప్ మీద కూర్చోరు. ఆరుగురిలో 41 కాలి కొలత ఉన్న ఒక్క పాపకే ఆ బండి పనికొస్తుంది.

లగేజీ తూకానికి తగిలిస్తే 4.7 కిలోలు. బండి బరువు పిల్లల బరువులో 30 శాతం దాటకూడదని మేం పాటించే లెక్క. 12 కిలోల పిల్లాడికి 3.6 కిలోలు. అంతకు మించితే పక్కకు ఒరిగినప్పుడు వాడు నిలబెట్టుకోలేడు, పడితే లేపలేడు, రెండుసార్లు అలా అయితే మూడోసారి ఎక్కనే ఎక్కడు. టైర్లు కూడా గాలివి కావు, నురుగువి. నురుగు టైరు చెడ్డదని అనను, పంక్చర్ ఉండదు, తేలిక. కానీ తడిసిన టైల్స్ మీద జారుతుంది, ఇటుకరాళ్లు పరిచిన దారిలో కుదుపంతా చేతులకు ఎక్కుతుంది. మా సెల్లార్ నేలంతా టైల్సే కాబట్టే గాలి టైర్లు కావాలని అడిగి మరీ తీసుకున్నాం.

అంత బరువు ఎందుకుందో తిరగేసి చూశాక అర్థమైంది. ఫ్రేమ్ అడుగున పెడల్ ఇరుసు దూర్చే అడ్డగొట్టం అలాగే ఉంది, రెండు వైపులా నల్ల ప్లాస్టిక్ మూతలు బిగించారు. మూత గోటితో వచ్చేసింది. లోపల మరలు కనిపిస్తున్నాయి. వెనక చక్రం కుడివైపు హబ్ మీద ఫ్రీవీల్, అంటే చైన్ పట్టే పళ్ల చక్రం, బిగించే మరలు ఉన్నాయి. ఆ చక్రం ఇరుసు కూర్చునే గాడి పొడవుగా కోసి ఉంది, అది చైన్ బిగువు సరిచేసుకోవడానికి పెట్టేది. బ్యాలెన్స్ బైకుకు చైనే ఉండదు, ఆ గాడి ఎందుకు? ఇది 12 అంగుళాల మామూలు పిల్లల సైకిల్. పెడల్స్, చైన్ తీసేసి పసుపు రంగు కొట్టారు. పెడల్ తిరిగేటప్పుడు నేలకు తగలకూడదని ఆ ఫ్రేమ్‌ను ఎత్తుగా కడతారు. అందుకే సీటు దిగదు, అందుకే బరువు. ఇరుసు బోల్టులు కూడా రెండు వైపులా వేలెడు బయటికి పొడుచుకొచ్చాయి. కాళ్లతో తోసుకుంటూ వెళ్లే పిల్లల పిక్కలు సరిగ్గా అక్కడే తగులుతాయి.

ఇంట్లో ఉన్న చిన్న సైకిల్‌కు పెడల్స్ విప్పి నేర్పడం తప్పు కాదు. సీటు తగినంత దిగితే మంచి పద్ధతే, ఖర్చు కూడా ఉండదు. ఎడమ పెడల్ మర మాత్రం వ్యతిరేక దిశలో ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. దాన్ని బ్యాలెన్స్ బైక్ అని చెప్పి, తప్పుడు కొలత రాసి, 4,800కు అమ్మడమే మోసం.

శనివారం వాళ్ల ట్రైనర్ వచ్చాడు. 34 కాలి కొలత ఉన్న బాబును, అందరిలోకీ చిన్నవాణ్ణి, నేరుగా సీటు మీద ఎత్తి కూర్చోబెట్టాడు. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. వెనక నుంచి సీటు పట్టుకుని తోశాడు. పది అడుగులు పోయిందో లేదో బాబు కెవ్వుమన్నాడు. పాదాలు అందడం లేదు, సీటు ఎత్తు తప్పు అని చెప్పాను. అప్పుడు ఆ మనిషి బాబు ముందే, వాళ్లమ్మ ముందే అన్న మాట ఇది: "మేడమ్, బండిలో ఏ లోపమూ లేదు. మీ వాడి కాళ్లు పొట్టి. దానికి మేమేం చేస్తాం?"

రెండున్నరేళ్ల పిల్లాడు. వాడికి మాట అర్థమైంది. సాయంత్రం నా దగ్గరికొచ్చి "ఆంటీ, నా కాళ్లు పొట్టివా?" అని అడిగాడు. వాడి కాళ్లు వాడి వయసుకు తగ్గట్టే ఉన్నాయి. డబ్బు సంగతి ఎలాగోలా తేలుతుంది, ఆ మాటను మాత్రం నేను క్షమించలేను.

అంతటితో ఆగాడా, సంచిలోంచి పక్క చక్రాలు తీశాడు. జత 450 అన్నాడు, ఇవి వేస్తే పడరు అన్నాడు. పొడుచుకొచ్చిన ఆ ఇరుసుకు అవి చక్కగా సరిపోయాయి. బ్యాలెన్స్ నేర్పే బండికి పక్క చక్రాలు! రెండు చక్రాల బండి ఒక పక్కకు ఒరిగితే, హ్యాండిల్‌ను ఒరిగిన వైపే కొద్దిగా తిప్పాలి. అప్పుడు చక్రాలు మళ్లీ మన కిందికి వస్తాయి. ఒంటికి పట్టాల్సింది అదొక్కటే. పక్క చక్రాలుంటే బండి ఒరగదు, కాబట్టి ఆ తిప్పడం ఎప్పటికీ రాదు. పైగా మలుపులో శరీరాన్ని బయటికి వాల్చడం అలవాటవుతుంది. అవి తీసేసిన రోజు ఆ అలవాటుతోనే పడతారు.

అసలు మొదటి రోజు సీటు మీద కూర్చోబెట్టనే కూడదు. బండిని కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడి నడవనివ్వాలి, పది పదిహేను నిమిషాలు, విసుగొస్తే అక్కడితో ఆపెయ్యాలి. వాళ్లంతట వాళ్లే సీటు మీద బరువు వేస్తారు. తర్వాత కూర్చుని ఒక్కో అడుగు, ఆ తర్వాత పెద్ద అంగలు. రెండు అంగల మధ్య పాదాలు క్షణం గాల్లో ఉండడం మొదలవుతుంది, బ్యాలెన్స్ పుట్టేది అక్కడే. ఆ దశకు వచ్చాక బంతి వదిలితే మెల్లగా దొర్లేంత వాలు చాలు, కింద చదునైన చోటు తప్పకుండా ఉండాలి. పైనుంచి వదిలి "కాళ్లెత్తు" అని మూడు లెక్కపెట్టండి, రోజులు గడిచేకొద్దీ ఐదు, పది. హ్యాండిల్ గానీ సీటు గానీ పట్టుకోకండి. పట్టుకుంటే పిల్లాడు మన చేతి మీద ఒరుగుతాడు. మరీ భయపడితే వీపు మీద చెయ్యి ఆనించి పక్కన నడవండి. చెప్పులు వద్దు, వేళ్లు మూసుకునే రబ్బరు అడుగు బూట్లు వేయండి, ఆపేది పాదాలతోనే కదా. కాళ్లెత్తి మలుపు కూడా తిరగగలిగితే పెడల్ సైకిల్‌కు సిద్ధమైనట్టే, పక్క చక్రాల అవసరమే రాదు. ఇవేవీ తెలియని మనిషిని ట్రైనర్ అని పంపారు.

వెనక్కి తీసుకోమంటే పెట్టె విప్పేశారు కదా అన్నారు. విప్పకుండా కొలత ఎలా తీస్తాం? 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోననడానికి అమ్మినవాడికి హక్కు లేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఆరుగురం విడివిడిగా ఫిర్యాదు చేశాం. బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, టేపు పెట్టి తీసిన ఫోటో, తూకం ఫోటో జత చేశాం. స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకున్నది మాలో ఒక్కరే. ఇప్పుడు ఆ పేజీలో 32 అనే అంకె లేదు, చెరిపేశారు.

కొనబోయేవాళ్లకు రెండు మాటలు. పిల్లల్ని గోడకు ఆనించి, బూట్లతో నిలబెట్టి, కాళ్ల మధ్య గట్టి అట్ట పుస్తకం పైకి ఆనించి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవండి. సీటు పూర్తిగా దించి, సీటు పై భాగం నుంచి నేల దాకా టేపు పెట్టి వీడియో పంపమని అమ్మేవాణ్ణి అడగండి, బండిని తిరగేసి అడుగు భాగం కూడా చూపించమనండి. అవి రెండూ వచ్చాకే డబ్బు కట్టండి. నేను అవి అడగలేదు.