ట్రైలర్‌తో ఆరేళ్లు: ఏది పనికొచ్చింది, ఏది అటకెక్కింది

ఆరేళ్లుగా ఒకే ట్రావెల్ ట్రైలర్ (వాహనం వెనక తగిలించుకునే, లోపల మంచాలూ ఫ్రిజ్ ఉండే బండి) లాగుతున్నాను. ఏడు మీటర్ల పొడవు, రెండు యాక్సిళ్లు (ఇరుసులు). సామాను, నీళ్లు నింపాక 2,700 కిలోలు తూగుతుంది. మొదటి ఏడాది, ఆగినచోట కదలకుండా ఉండాలని, రోడ్డు మీద ఊగకుండా రావాలని కంటపడిన వస్తువల్లా కొనేశాను. వాటిలో సగం ఇప్పుడు అటక మీద ఉన్నాయి. మిగతా సగంలో ఏది ఎంత పనిచేసిందో, నేనెక్కడ పప్పులో కాలేశానో చెప్తాను.

ముందు నా తెలివితక్కువ పని. మొదటి ట్రిప్పులో నేల ఎడమవైపు వాలుగా ఉంది. ట్రైలర్ నాలుగు మూలలా జాకీలున్నాయి కదా అని ఎడమవైపు రెండింటినీ తిప్పుతూ పోయాను, రసమట్టంలో బుడగ మధ్యకొచ్చేదాకా. ట్రైలర్ లెవెల్‌గా ఉంది, హాయిగా పడుకున్నాం. పొద్దున లేచి బయటికెళ్లి తలుపు లాగితే పడదే! గొళ్లెం, దాని గాడికి అర సెంటీమీటరు కిందకి దిగిపోయింది. బరువంతా మూలల మీద పడి చట్రం మెలి తిరిగింది. కంగారుగా జాకీలు వదులు చేశాను. తలుపు టక్కున పడింది. ఆ జాకీలున్నది ఊపు ఆపడానికి, బండిని లేపడానికి కాదు. మాన్యువల్‌లో ఈ ముక్క రాసే ఉంది, చదవనిది నేనే.

ఇప్పుడు నా వరుస మారదు. వాహనం తగిలించి ఉండగానే, పల్లంవైపు చక్రాల కింద ఎత్తు పెట్టి పక్కవాటు సరిచేస్తాను. తర్వాత చక్రాలకు రెండు పక్కలా ముందూవెనకా అడ్డుదిమ్మలు. అప్పుడు మాత్రమే హిచ్ (ట్రైలర్‌ని వాహనానికి తగిలించే కొక్కెం) విప్పి, ముందున్న జాకీతో ముందువెనకలు సరిచేస్తాను. మూలల జాకీలు అన్నిటికన్నా చివర, నేలకు గట్టిగా ఆనేదాకా మాత్రమే. అడ్డుదిమ్మలు పెట్టకుండా హిచ్ విప్పితే ఏమవుతుందో నేను చూడలేదు, చూడాలనీ లేదు.

ఎత్తు పెట్టడానికి మొదటి రెండేళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ప్లాస్టిక్ దిమ్మలు వాడాను. ఎన్ని పేర్చాలో అంచనా కుదరక నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ నడపాల్సి వచ్చేది. లెక్క తెలిశాక తేలికైంది. నా ట్రైలర్ చక్రాల మధ్య వెడల్పు 2.2 మీటర్లు, కాబట్టి ఒక డిగ్రీ వాలుకి పల్లంవైపు సుమారు 4 సెంటీమీటర్లు లేపాలి. తర్వాత అరటికాయలా వంపు తిరిగిన లెవెలర్లు కొన్నాను. దాని మీదకి మెల్లగా ఎక్కిస్తూ, బుడగ మధ్యకి రాగానే ఆపి, వెనక సందులో దాని జత దిమ్మ తోసేయడమే. మూడు నిమిషాల పని. ఆరేళ్లలో కొన్నవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే, కానీ లోపాలున్నాయి. రెండు యాక్సిళ్ల బండికి ఒక పక్క రెండు చక్రాలనూ లేపాలి, అంటే రెండు లెవెలర్లు కావాలి. నా టైర్ల మధ్య సందు చాలక ఒకదాని తోక రంపంతో కోశాను. కంకర మీద టైరు ఎక్కబోతే ఇది ముందుకి జారుతుంది, కింద రబ్బరు మ్యాట్ ముక్క వేస్తే ఆగింది. మెత్తటి తడి నేల మీద ఒకటి మధ్యకి పగిలింది. అప్పట్నుంచి అలాంటి చోట కింద చెక్క పలక వేస్తున్నాను.

ఫోన్‌లో వాలు చూపించే సెన్సర్ కూడా కొన్నాను. ఒక్కడే ఉన్నప్పుడు డ్రైవర్ సీట్లోంచే చూసుకోవచ్చు, ఆ సుఖం కాదనను. హిచ్ విప్పినప్పటి ఎత్తు గుర్తుపెట్టుకుని మళ్లీ తగిలించేటప్పుడు చూపిస్తుంది, అదీ బాగుంది. కానీ చలిలో బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం. ట్రైలర్ ముందు గోడకి ఒకటి, పక్కన ఒకటి అంటించిన రసమట్టాలు మాత్రం మొదటి రోజు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

లెవెల్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నిద్ర కోసం కాదు, ఫ్రిజ్ కోసం. నాది గ్యాస్ మీద నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్. అందులో పంపు ఉండదు. వేడికి మరిగిన అమోనియా ద్రావణం తన బరువుతో తానే కిందికి జారి తిరగాలి. ఆగినచోట బండి ఎక్కువ ఒరిగి ఉంటే ద్రావణం ఒకచోట నిలిచిపోయి, అక్కడి గొట్టం మాడి, ఫ్రిజ్ శాశ్వతంగా పోవచ్చు. చాలా మోడళ్లకు, ఫ్రిజ్‌కి ఎదురుగా నిలబడి చూస్తే, పక్కవాటున 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీలు హద్దు. ఇళ్లలో ఉండేలాంటి కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లకి ఈ టెన్షన్ లేదు.

ఊపు సంగతి. లోపల ఎవరైనా నడిస్తే మంచం కదిలేది. మూలల జాకీలు ఇంకా బిగించాను, లాభం లేకపోయింది. కారణం చక్రాల దగ్గరుంది. అడ్డుదిమ్మలు పెట్టినా టైరు నాలుగైదు మిల్లీమీటర్లు అటూఇటూ దొర్లుతూనే ఉంటుంది. రెండు టైర్ల మధ్య ఇరికించి బిగించే ఎక్స్ ఆకారపు లాక్ వేయగానే ముందువెనకల ఊపు చాలావరకు పోయింది. రాత్రి చలికి టైర్లు కాస్త కుంచించుకుంటాయి కాబట్టి పొద్దున ఓసారి మళ్లీ బిగించాలి. నేల మీది అడ్డుదిమ్మలకు ఇది బదులు కాదు, రెండూ ఉండాలి. మూలల జాకీలు దించడానికి డ్రిల్ వాడతాను, నేలకి తగలబోయే ముందు ఆపి చివరి రెండు చుట్లూ చేత్తో. డ్రిల్‌కి ఎక్కడ ఆగాలో తెలియదు.

ఇక లాగడం. రెండో ఏడాది ఒక దిగుడు రోడ్డులో పెద్ద లారీ మమ్మల్ని దాటింది. దాని గాలికి ట్రైలర్ తోక ముందు అటు, తర్వాత ఇటు, ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దది. అద్దంలో ట్రైలర్ ఎడమ గోడ, వెంటనే కుడి గోడ కనిపిస్తున్నాయి. కాలు బ్రేకు మీదకి పోబోయింది. ఆపుకున్నాను. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ (డ్రైవర్ దగ్గరుండి ట్రైలర్ బ్రేకులు నడిపే పెట్టె) మీది చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేశాను. వెనక్కి పట్టి లాగినట్టు బండి తిన్నగా వచ్చింది. పక్కకి ఆపాక పది నిమిషాలు చేతులు వణికాయి.

అప్పటికే నా దగ్గర ఊగకుండా పట్టే ఫ్రిక్షన్ బార్ ఉంది. అయినా ఇలా అయిందేమిటని కాటాకి తీసుకెళ్లి తూచాను. హిచ్ మీద పడే బరువు 210 కిలోలే, మొత్తంలో 8 శాతం కూడా లేదు. ఉండాల్సింది 10 నుంచి 15. ఎద్దుబండి తోలినవాళ్లెవరైనా చూసి చెప్పేవాళ్లు, వెనకబరువు ఎక్కువై కాడి పైకి లేచిందని. నా 150 లీటర్ల నీళ్ల ట్యాంకు యాక్సిళ్ల వెనక ఉంది, అంటే 150 కిలోలు. దానికి తోడు వెనక బంపర్ మీద సైకిళ్లు. ఇప్పుడు దారిలో ట్యాంకులో మూడో వంతు నీళ్లే ఉంటాయి, సైకిళ్లు ముందుకొచ్చాయి, హిచ్ మీద 320 కిలోలు పడుతున్నాయి. ఊపు ఆ రోజుతో పోయింది. ఫ్రిక్షన్ బార్ అటకెక్కింది.

ముందు బరువు పెరిగితే వాహనం వెనక కుంగి, ముందు చక్రాలు తేలికవుతాయి. అందుకే బరువు పంచే హిచ్ కావాల్సి వచ్చింది. దాని ఉక్కు కడ్డీలు ఆ బరువులో కొంత ముందు యాక్సిల్‌కి, కొంత ట్రైలర్ చక్రాలకి తోస్తాయి. ట్రైలర్ లేనప్పుడు నా వాహనం ముందు మడ్‌గార్డు ఎత్తు 91 సెంటీమీటర్లు. తగిలించగానే 94.5. కడ్డీలు బిగించాక 92. ఎంతవరకు దించాలో వాహనం మాన్యువల్‌లో చూడండి, పూర్తిగా మొదటి ఎత్తుకి తేవాలని అందరూ చెప్పరు. కడ్డీలు ఎక్కించేటప్పుడు హిచ్ తగిలించి లాక్ చేశాక ముందు జాకీతో వాహనం వెనకనీ ట్రైలర్ ముందునీ కలిపి కాస్త పైకి లేపితే, బలం అక్కర్లేకుండా కడ్డీ చివరి గొలుసు కొక్కెంలో పడుతుంది. ఈ కిటుకు తెలియక ఏడాదిపాటు నడుం విరగ్గొట్టుకున్నాను.

హిచ్ మీద రెండు ఫిర్యాదులు. మలుపుల్లో దెయ్యం తలుపు తీసినట్టు కిర్రుమంటుంది. గ్రీజు రాస్తే తగ్గుతుంది, ఆ గ్రీజు ప్రతిసారీ ప్యాంటుకే అంటుతుంది.