ద్వారకానగర్‌లో ‘అలల కిట్’ కొనబోయేవారు ఒక్క నిమిషం ఆగండి

విశాఖలో యానిమేషన్ నేర్చుకునేవాళ్లకు ద్వారకానగర్‌లోని ఆ సంస్థ ఏదో వేరే చెప్పనక్కర్లేదు. తెర మీద అలలు కదిలించే సాఫ్ట్‌వేర్‌ను సముద్రపు అలల కిట్ అని రూ.4,500కు అమ్ముతున్నారు చూడండి, వాళ్లే. నిన్ననే ఆ డబ్బుకు నీళ్లొదిలి వచ్చాను.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక హోటల్‌లోని తెర కోసం అలల మీద ఊగే పడవ కావాలి. ఊరికే సైన్ తరంగం (ఒకే లయలో పైకీ కిందికీ ఊగే వంపు గీత) పెడితే శిఖరమూ లోయా ఒకే తీరుగా గుండ్రంగా వస్తాయి. ఆర్కే బీచ్‌లో కాసేపు నిలబడి చూసినవాళ్లెవరూ అది సముద్రమంటే నమ్మరు. అల పైన మొనదేలాలి, కింద వెడల్పుగా పరుచుకోవాలి. ‘పదును’ అనే మీట జరిపితే ఏ ఆకారమైనా వస్తుందన్నారు. చూపించేటప్పుడు ఆ మీట 3 మీద ఉంది. నేను జరపబోతే అమ్మే అతను మౌస్ పక్కకు లాక్కుని, "సెట్టింగులు చెడిపోతాయి సార్" అన్నాడు. ఆ ‘సార్’కే మురిసిపోయి డబ్బు కట్టేశాను.

ఇంటికొచ్చి మీట 2కు తెచ్చాను. ఒక ఆవర్తనంలో, అంటే అల ఒకసారి లేచి దిగేలోపు, ఒక్కసారి లేవాల్సిన పడవ రెండుసార్లు లేచింది. 2.5కు తెస్తే సగం దూరం బాగానే సాగి, లోయలోకి దిగగానే అల, పడవ రెండూ మాయం! కోడ్ తెరిచి చూస్తే, సైన్ విలువకు మీట మీది అంకెను ఘాతంగా (పవర్‌గా) వేశారు. అంతే, ఇంకేమీ లేదు. సైన్ సగం కాలం రుణాత్మకం, అంటే మైనస్‌లో ఉంటుంది. వర్గం చేస్తే లోయ కూడా శిఖరమై కూర్చుంటుంది. మైనస్ అంకెకు 2.5 ఘాతం వేస్తే ఇది సంఖ్యే కాదంటుంది కంప్యూటర్. 3 బేసి సంఖ్య కాబట్టి గుర్తు మారలేదు, వాళ్ల బండారమూ బయటపడలేదు. అక్కడైనా లోయ కూడా శిఖరమంత మొనదేలుతుంది, అది వేరే సంగతి.

లాప్‌టాప్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. అతను కుర్చీలోంచి లేవలేదు. పడవ మాయమయ్యేదాకా చూసి, పక్కనున్న కుర్రాడితో "మునిగిపోయింది, సహజంగానే ఉంది కదా!" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. సైన్‌కు 1 కలిపి, 2తో భాగించి, ఆ తర్వాత ఘాతం వేయండి, విలువ 0కూ 1కీ మధ్యనే ఉంటుంది, ఆవర్తనం చెడదు, మొన పైనే తేలుతుంది, మార్చాల్సింది ఒక్క వరుసే అని చెప్పాను.

"అంత తెలిసినవారు మా దగ్గర కొనడం ఎందుకండీ?"

రాత్రంతా చెవిలో అదే మాట. రూ.4,500 పోసి నేను కొనుక్కున్నది కిట్ కాదు, ఆ ప్రశ్న.

డబ్బు వెనక్కి ఇమ్మంటే గోడ మీది కాగితం వైపు వేలు చూపించాడు, డౌన్‌లోడ్ చేసిన సరుకు వాపసు తీసుకోరట. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. మీరు కొనాలనే అనుకుంటే మౌస్ మీ చేతిలోకి తీసుకుని మీట 2 మీద, 2.5 మీద పెట్టి ఒక ఆవర్తనం పూర్తిగా చూడండి. మౌస్ ఇవ్వనంటే లేచి వచ్చేయండి.