రనంక్యులస్ దుంపల ప్యాకెట్: పలమనేరు, కుప్పానికి సరే, తిరుపతికి వద్దు

రనంక్యులస్ అంటే బొకేల్లో పెట్టే ఒక చలికాలపు కోతపూవు. ఆన్‌లైన్‌లో దొరికే ఇరవై రనంక్యులస్ దుంపల ప్యాకెట్ ఇది, రంగులన్నీ కలిపినది. దుంపలు బాగున్నాయి. లోపల పెట్టిన సూచనల కాగితం మాత్రం చిత్తూరు, తిరుపతి వైపు అస్సలు పనికిరాదు. ఆ కాగితాన్ని నమ్మి నాటితే మొలకెత్తకముందే సగానికి పైగా కుళ్ళిపోతాయి, తప్పు దుంపలదని అనుకుంటాం. పలమనేరు, కుప్పం లాంటి పడమటి మండలాల వాళ్ళకైతే ఈ ప్యాకెట్‌కు ఐదుకి మూడున్నర మార్కులు ఇవ్వొచ్చు. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వాళ్ళకు ఒక్క మార్కే.

ముందు దుంప సంగతి. విప్పి చూడగానే ఇది మొక్కయ్యే వస్తువని ఎవరూ అనుకోరు. పిల్లిపీచర వేళ్ళను ఎండబెట్టి చిన్న గుత్తిగా కట్టినట్టు ఉంటుంది. కాళ్ళన్నీ ఒకచోట కలిసే తలభాగంలో కొంచెం నూగు ఉంటుంది, మొలక వచ్చేది అక్కడినుంచే. అందుకే ఒకటి రెండు కాళ్ళు విరిగినా కంగారు పడక్కర్లేదు. తల చితికిపోతే మాత్రం ఆ దుంప పారేయాల్సిందే. మంచి దుంప గోధుమ రంగులో, గోటితో నొక్కితే దిగనంత గట్టిగా ఉంటుంది. మెత్తగా తగిలినా, నీలంగానో పచ్చగానో బూజు లోపలికంటా దిగి ఉన్నా పక్కన పెట్టేయండి. పైపైన తెల్ల బూజు ఉంటే పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

కొనేముందు చూడాల్సింది సైజు. 3/4, 5/6, 7+ అని రాసే అంకెలు దుంప చుట్టుకొలతను సెంటీమీటర్లలో చెబుతాయి. ఈ ప్యాకెట్ మీద 5/6 అని ఉంది, దారం చుట్టి కొలిస్తే ఎక్కువభాగం ఆ లెక్కకు సరిపోయాయి. చలిదేశాల్లో ఈ సైజు దుంప ఐదు నుంచి ఏడు కాడలు ఇస్తుంది. మనవైపు మూడు నాలుగు వస్తే బాగా వచ్చినట్టే. 3/4 సైజు చవగ్గా దొరుకుతుంది కానీ మనకున్న చలికాలమే చిన్నది, ఆ చిన్న దుంప బలం పుంజుకునేలోపే ఎండలు వచ్చేస్తాయి. దుంపకు ముప్పై రూపాయలు దాటితే, సైజు రాయని ప్యాకెట్ కొనకండి.

ఇక ఆ కాగితం. సెప్టెంబరులో నాటమంటుంది, రాత్రంతా నానబెట్టమంటుంది, రోజంతా ఎండ తగిలే చోటు చూసుకోమంటుంది. మొదటి రెండూ ఇక్కడ తప్పే, మూడోది ఫిబ్రవరి వచ్చాక పనికిరాదు. రనంక్యులస్ మధ్యధరా సముద్రానికి తూర్పున ఉన్న దేశాల మొక్క. అక్కడ చలికాలంలో వానలు పడతాయి, వేసవి ఎండిపోతుంది. కాబట్టి చలిలో పెరగడం, వేడి తగలగానే ఆకు పండబారి భూమిలో నిద్రపోవడం దీని స్వభావం. రాత్రి 5 నుంచి 10 డిగ్రీలు, పగలు 20 లోపు ఉంటే హాయిగా పెరుగుతుంది. పగలు 25 దాటడం మొదలైతే పూలు చిన్నబోతాయి, కాడలు పొట్టివవుతాయి. తిరుపతిలో జనవరి రాత్రులు సాధారణంగా 17–20 మధ్య ఉంటాయి, పగలు 29, 30కి చేరుతుంది. కుండీని నీడలో పెట్టినా, నీళ్ళు చల్లినా ఆ లెక్క మారదు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్ళే దారిలోని మొగిలి ఘాట్ ఎక్కాక పరిస్థితి వేరు. పలమనేరు, కుప్పం సముద్రమట్టానికి సుమారు 650–700 మీటర్ల ఎత్తున ఉంటాయి. సంక్రాంతి ముందు వెనకల 15 కంటే కిందికి దిగే రాత్రులు చాలానే దొరుకుతాయి.

అసలు చిక్కు ఎక్కడంటే, మనకు చలీ తుఫానూ కలిసే వస్తాయి. దీపావళి నుంచి డిసెంబరు నెల సగం దాకా ఈశాన్య రుతుపవనం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన వానలు గానీ, 2023 డిసెంబరు మొదట్లో వచ్చిన మిచాంగ్ తుఫాను గానీ సరిగ్గా ఈ దుంపలు నేలలో ఉండాల్సిన రోజుల్లోనే వచ్చాయి. రనంక్యులస్ అన్న పేరుకు లాటిన్‌లో చిన్న కప్ప అని అర్థం. ఈ జాతిలో చాలా మొక్కలు నీటి ఒడ్డున పెరుగుతాయని ఆ పేరు వచ్చింది. కానీ ఈ పూల రకం దుంప రెండు రోజులు నీళ్ళు నిలిస్తే తట్టుకోదు. ఆకులు రాకముందైతే ఒక్క రాత్రి చాలు.

అందుకని నాటే తేదీ దగ్గరే గెలుపోటములు తేలిపోతాయి. నాటిన దగ్గర నుంచి మొదటి పూవు దాకా సుమారు 90 రోజులు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ లోపల పూలు కోసుకోవాలంటే నవంబరు మొదటి మూడు వారాల్లో దుంప నేలలో పడాలి. అంతకుముందు నేల వేడిగా ఉంటుంది, తడి వేడి నేలలో దుంప మొలకెత్తకుండా కుళ్ళుతుంది. డిసెంబరులో నాటితే మొగ్గలు మార్చి ఎండకు చిక్కుతాయి. 

నానబెట్టడం మూడు నుంచి నాలుగు గంటలు, అంతకుమించి వద్దు. నీళ్ళు చల్లగా ఉండాలి. గంటకోసారి నీళ్ళు మార్చండి, లేదా చేపల తొట్టిలో పెట్టే గాలి పంపు ఒకటి వేసి బుడగలు వచ్చేలా చూడండి. దుంప ఉబ్బి దాదాపు రెండింతలవుతుంది. నీళ్ళలో గాలి లేకుండా రాత్రంతా ఉంటే లోపల ఊపిరాడక కణాలు చచ్చిపోతాయి. పైకి బొద్దుగా కనిపించినా వారానికల్లా ముద్దైపోతుంది. నానిన తర్వాత కార్బెండజిం, మాంకోజెబ్ కలిసిన కుళ్ళు మందు పొడి లీటరుకు 2 గ్రాములు కలిపిన నీళ్ళలో పది పదిహేను నిమిషాలు ఉంచి తీయండి. కుళ్ళును అడ్డుకునే మేలు బూజు ట్రైకోడెర్మా వాడే ఉద్దేశం ఉంటే ఈ మందు వద్దు. కార్బెండజిం ట్రైకోడెర్మాను కూడా చంపుతుంది, రెండూ వేస్తే రెండో దానికి పెట్టిన డబ్బు దండగ.

తర్వాతి మెట్టు ఆ కాగితంలో లేనే లేదు, మనకు అన్నింటికన్నా అవసరమైనది అదే. నానిన దుంపలను నేరుగా నాటకుండా, పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడి ఉన్న కొబ్బరిపొట్టులో పరిచి, మూత కొంచెం వదులుగా పెట్టిన డబ్బాలో ఫ్రిజ్ కింది కూరగాయల అరలో పది నుంచి పద్నాలుగు రోజులు ఉంచండి. అక్కడ మొలకకు కావలసినంత చల్లదనం ఉంటుంది. మూడు రోజులకోసారి తెరిచి చూసి, బూజు పట్టినవి తీసేయండి. ఒక్కటి వదిలేసినా పక్కవాటికి అంటుతుంది. తెల్లటి వేళ్ళు అర సెంటీమీటరు వచ్చాయంటే నాటొచ్చు. ఇలా చేయడం వల్ల ఇంకో లాభం ఉంది. తుఫాను హెచ్చరిక వస్తే నాటడం నాలుగైదు రోజులు ఆపుకోవచ్చు, డబ్బాలో దుంపలకేమీ కాదు.

మడి నేలమట్టానికి అడుగు ఎత్తున ఉండాలి. అడ్డంగా నాలుగు, పొడవున ఐదు చొప్పున 20 సెంటీమీటర్ల ఎడంతో పెడితే ఇరవై దుంపలకు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు మడి చాలు. మన ఎర్రనేల నీళ్ళు బాగానే దిగనిస్తుంది. బంకమట్టి కలిసిన చెరువు కింది నేలైతే మూడో వంతు ఇసుక కలపాలి. పశువుల ఎరువు బాగా చివికినదే వేయండి, పచ్చిది వేస్తే కుళ్ళును మనమే పిలిచినట్టు. కాళ్ళు కిందికి, నూగు తల పైకి పెట్టి, తల మీద 5 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. ఒకసారి బాగా తడిపి, ఆకు కనిపించేదాకా మళ్ళీ వేలు పెట్టి చూసి పొడిగా ఉంటేనే నీళ్ళు. టమోటా వేసి తీసిన మడిలో వద్దు, నులిపురుగులు ఉండే అవకాశం ఎక్కువ. వేర్ల దగ్గర నేల చల్లగా ఉండడానికి వరిగడ్డి పరచండి. వేరుశనగ పొట్టు చేతికందేలా ఉంటుంది కానీ దాన్ని వాడకండి. వేరుశనగలో మొదలు కుళ్ళు తెచ్చే బూజు ఎన్నో రకాల మొక్కలను పడుతుంది.

వానకు అడ్డం లేకపోతే ఈ పంట పెట్టకండి. వెదురు బద్దలనో జీఐ పైపులనో విల్లుల్లా వంచి 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు కప్పితే చాలు, పెద్ద పాలీహౌస్ అక్కర్లేదు. రెండు పక్కలా కింద రెండడుగులు గాలికి వదిలేయాలి. వాన ఆగిన మర్నాడే షీటు చుట్టేయండి. ఎండ కాసిన రోజు దాని కింద వేడి కుక్కర్‌లో ఉన్నట్టు పెరుగుతుంది. మూసి ఉంచితే చెమ్మకు మొగ్గల మీద బూడిదరంగు బూజు కూడా పడుతుంది. ఫిబ్రవరి మొదట్లో షీటు పూర్తిగా తీసి, మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా 35 శాతం షేడ్‌నెట్ వేస్తే పూలు ఇంకో పది రోజులు ఎక్కువ నిలుస్తాయి. తెల్ల నెట్ అయితే మరీ మంచిది, నల్లది వేడిని పట్టి ఉంచుతుంది. డిసెంబరులోనే నెట్ వేయకండి. నీడకు కాడలు సన్నగా సాగి వాలిపోతాయి.

ఎరువుల్లో యూరియా ముట్టుకోవద్దు. నాలుగు ఆకులు వచ్చాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న 19:19:19 ఎరువు లీటరుకు 2 గ్రాముల చొప్పున వారానికోసారి, మొగ్గ కనిపించాక పొటాష్ ఎక్కువున్న 13:0:45. కాల్షియం నైట్రేట్ విడిగా, వేరే రోజు ఇవ్వండి. కాడ లోపల బోలు కాబట్టి, నత్రజని ఎక్కువైతే పూవు బరువుకే మెడ వంచేస్తుంది. అడుగు ఎత్తులో ఒక వరస వల కట్టడం మంచిది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడతాయి, వాననీళ్ళు పట్టి పెట్టుకున్న వాళ్ళకు ఆ బాధ ఉండదు.

పురుగు తెగుళ్ళు మామిడి రైతులకు తెలిసినవే. పగలు పొడి, రాత్రి మంచు, అంటే మామిడి పూతకు బూడిద తెగులు వచ్చే వాతావరణంలోనే దీని ఆకు మీదా తెల్లపొడి కనిపిస్తుంది. బూజు జాతి వేరు, మందు ఒకటే, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ ముదిరిన పూట కొట్టకూడదు. అంతకన్నా నష్టం తామరపురుగులతో. అవి మొగ్గ లోపలే రేకులు గీకుతాయి, పూవు విచ్చాక గోధుమరంగు చారలు బయటపడతాయి. అప్పుడు మందు కొట్టినా ఆ పూవు అమ్ముడుపోదు. మొగ్గ బఠాణీ అంత ఉన్నప్పటినుంచే నీలం జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టి, ఎన్ని పడుతున్నాయో చూస్తుండాలి.

కోత గురించి కాగితంలో ఒక్క ముక్క లేదు, కోతపూల కోసం అమ్ముతున్నామని ప్యాకెట్ మీద రాసుకుని మరీ. మొగ్గకు రంగు వచ్చి, రెండు వేళ్ళతో మెల్లగా నొక్కితే దూదిలా మెత్తగా తగలాలి, రేకులు మాత్రం ఇంకా విచ్చకూడదు. గట్టిగా ఉన్నప్పుడు కోస్తే కూజాలో విచ్చుకోదు. పూర్తిగా విచ్చాక కోస్తే దారిలోనే రేకులు నలుగుతాయి. తెల్లవారుజామున కోసి, రెండు మూడు అంగుళాల నీళ్ళలో నిలబెట్టండి, కాడ నిండా మునిగితే మెత్తబడుతుంది. సరైన దశలో కోసి రోజూ నీళ్ళు మారిస్తే వారం దాటి నిలుస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, దీని రసం తగిలితే కొందరికి చర్మం మండి పొక్కుతుంది. కోశాక మిగిలిన ఆకులు, కాడలు ఆవులకు వేయకండి. పచ్చి ఆకు పశువులకు విషం.

అమ్మకం ఆశ ఉన్నవాళ్ళకు ఒక మాట. ఇది కిలోల్లో తూచే పూవు కాదు. వాసన తక్కువ, మాలకు నిలవదు, కాబట్టి తిరుపతి పూల మార్కెట్లో చామంతి, రోజా, కనకాంబరం పక్కన దీన్ని అడిగేవాళ్ళు ఉండరు. బొకేలు కట్టే దుకాణాలే కొంటాయి, అవి బెంగళూరులో ఉన్నాయి. కుప్పం నుంచి రైల్లో నూరు కిలోమీటర్లే కాబట్టి ఉదయం కోసింది మధ్యాహ్నానికి చేరుతుంది. అక్కడ ఒకే రంగు కట్టలు అడుగుతారు. ఈ ప్యాకెట్ కలగలుపు రంగులది కావడం, ఏ దుంప ఏ రంగో గుర్తు లేకపోవడం వల్ల ఒక మార్కు తగ్గించాను. కాగితానికి ఇంకో అర మార్కు. రంగు రాసిన ప్యాకెట్లు దొరికితే కాస్త ఎక్కువైనా అవే కొనండి.

పూలయ్యాక ఆకు పండబారితే నీళ్ళు ఆపి, తవ్వి, నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో దాచొచ్చు. కానీ మన ఏప్రిల్, మే ఎండల్లో గదిలో దాచిన దుంపలు మరుసటేడు సగమే లేస్తాయి, ఏటేటా కొత్తవి కొనడమే నయం. ఆర్డరు మాత్రం అక్టోబరు మొదటి వారంలో పెట్టండి. ప్యాకెట్ నవంబరు మొదటి వారం దాటాక వస్తే విప్పకుండా వెనక్కి పంపేయండి.