పాటల పెట్టె: పాడినవాళ్లకే బటన్లు

బాలుగారు పోయిన వారం, అంటే 2020 సెప్టెంబర్ చివర్లో, మా అమ్మ కోసం ఆన్‌లైన్‌లో కొన్నానిది. పాత రేడియోలా ఉంటుంది, లోపల తెలుగు పాటలు ముందే ఎక్కించి ఇస్తారు. కంపెనీ పేరు రాయను, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. ఆ 25న మధ్యాహ్నం వార్త వచ్చిన దగ్గర్నుంచి రాత్రి దాకా ఆవిడ టీవీ కట్టలేదు, ఆసుపత్రి గేటునే తిప్పి తిప్పి చూపిస్తుంటే అలాగే చూస్తూ కూర్చుంది, అది చూడలేక ఆర్డర్ పెట్టేశా.

సౌండ్‌కి వంక పెట్టలేం. వంటింట్లో పెడితే హాల్లోకి హాయిగా వినపడుతుంది, గరగర లేదు. బటన్లు పెద్దవి, చత్వారం ఉన్నవాళ్లకీ ఇబ్బంది లేదు. ఘంటసాల, సుశీల, జానకి, బాలు, ఒక్కొక్కరికీ ఒక బటన్. మొదటి ఏడాది అమ్మకి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

అసలు లోటు 2021 నవంబర్ 30న తెలిసింది. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు పోయారు. "శాస్త్రిగారి పాటలు పెట్టరా" అంది అమ్మ. పెట్టంతా తిప్పా. గాయకులున్నారు, హీరోలున్నారు, సంగీత దర్శకులున్నారు, వాన పాటలని ఓ లిస్టు కూడా ఉంది, రాసినవాళ్లు మాత్రం ఎక్కడా లేరు. 1986 నాటి సినిమా పేరే ఇంటిపేరైపోయిన మనిషి, ఆ సినిమా పేరు మీద వెతికితే తప్ప దొరకలేదంటే ఏమనాలి? పెట్టెతో పాటు పాటల నంబర్ల పుస్తకం ఒకటిస్తారు. చివరికి అమ్మే పెన్సిల్ తీసుకుని, తనకి తెలిసిన ఆయన పాటలన్నిటి పక్కనా 'సి' అని రాసుకుంటూ పోయింది. మూడు రోజులు పట్టింది. మధ్యమధ్యలో "ఇది వేటూరిదా, శాస్త్రిగారిదా?" అని నన్నడగడం, నేను ఫోన్లో చూసి చెప్పడం. కంపెనీ వాళ్లు చేయాల్సిన పని, డెబ్బై ఏళ్లావిడ చేసింది.

2023 ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు, రెండు రోజులకే వాణీ జయరాం. పద్మభూషణ్ ప్రకటించి అప్పటికి పది రోజులు. మూడుసార్లు జాతీయ అవార్డు తీసుకున్న గొంతు, అందులో రెండు మన తెలుగు పాటలకే, అలాంటావిడని 'ఇతరులు' అనే బటన్ కింద పడేశారు! స్వాతికిరణంలోని 'ఆనతినీయరా' అక్కడ కూడా లేదు, వెతగ్గా వెతగ్గా భక్తి పాటల్లో తేలింది. రాసింది శాస్త్రిగారు, పాడింది ఆవిడ, సినిమా తీసింది విశ్వనాథ్, ఏడాదిన్నర తిరక్కుండా ముగ్గురూ వెళ్లిపోయారు. ఆ నంబర్ పక్కన 'సి' అప్పటికే ఉంది. అమ్మ దాని పక్కనే 'వా', 'వి' కూడా రాసింది.

ఇక బ్యాటరీ సంగతి. వారంటీ ఏడాది, అది పోయింది పద్నాలుగో నెలలో. సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తిరిగా, పార్ట్ రాలేదన్నారు, వదిలేశా. ఇప్పుడు వైరు పెట్టి ఉంచితేనే పాడుతుంది, అందుకని ప్లగ్గు పక్కనే దాని కాపురం.

పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు ఉండబట్టి బతికిపోయాం. మీరూ కొంటే పెట్టెలో ఉన్న లిస్టుని నమ్ముకోకుండా ఆ పని ముందే చేసుకోండి. నేను అయిదుకి మూడు ఇస్తా, అందులో ఒకటి ఆ పెన్‌డ్రైవ్‌ కోసమే.

2025 జులై 13న కోట శ్రీనివాసరావు గారు పోయిన రోజు, "పాపం ఈయన పాటలేమీ ఉండవుగా" అంది అమ్మ. ఒకటుందమ్మా, గబ్బర్ సింగ్‌లో మందుబాబుల పాట, ఆయన గొంతే అని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చా. సగం విని, "ఇవ్వాళ పెట్టే పాటేనట్రా ఇది" అని కట్టేసింది. సాయంత్రం వంటింట్లోంచి మళ్లీ అదే వినపడింది.