బాస్టియాలో 45 యూరోల క్లీనింగ్ చార్జీ

ఫ్రాన్స్‌లోని తూలోన్ నుంచి కోర్సికా దీవిలోని బాస్టియాకి రాత్రి ఫెర్రీ. కారుకీ, ముగ్గురికి క్యాబిన్‌కీ కలిపి 238 యూరోలు. హాయిగా నిద్రపోయాం.

ఒళ్లు మండించింది బస. సముద్రం కనిపించే గది అని రాత్రికి 135 యూరోలు గుంజాడు ఆ ఇంటాయన. సముద్రం కనిపించేది బాత్రూం కిటికీలోంచి, అదీ కమోడ్ మీద నిలబడితే. మూడో మంచం అన్నది మడత కుర్చీ. అది పరిస్తే తలుపు తెరుచుకోదు. తాళం చెవి చేతికిస్తూ క్లీనింగ్‌కి మరో 45 అన్నాడు, నగదే కావాలట. రసీదు అడిగితే భుజాలెగరేశాడు. నాన్న ఆయన్ని తెలుగులో తిడుతూనే ఉన్నారు.

ఆ చిరాకుతోనే ప్లాస్ సాన్ నికొలాకి నడిచాం. రేవుకి ఎదురుగా పెద్ద మైదానం, రోమన్ చక్రవర్తి వేషంలో నెపోలియన్ విగ్రహం. అక్కడే కజాబియాంకా అనే ఫ్రెంచి సబ్‌మెరైన్ టవర్ స్మారకం. తిట్లు ఆగిపోయాయి. మాది వైజాగ్, అక్కడి కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియంలో తలకి బొప్పి కట్టనివాళ్లు మా ఇంట్లో లేరు.

కజాబియాంకా 1935లో నీళ్లలోకి దిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నవంబర్ 27న జర్మన్లు తూలోన్ మీద పడితే ఫ్రెంచివాళ్లు తమ నౌకల్ని తామే ముంచేసుకున్నారు. కెప్టెన్ లెర్మీనియే మాత్రం దీన్ని తప్పించి ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ చేర్చాడు. మేం గురకలు పెడుతూ బయల్దేరింది ఆ తూలోన్ రేవు నుంచే! ఆ తర్వాత శత్రువుల చేతిలో ఉన్న కోర్సికాకి గూఢచారుల్నీ ఆయుధాల్నీ దొంగచాటుగా చేరవేసింది. పగలు సముద్రం అడుగున పడుకోవడం, చీకటి పడ్డాక ఒడ్డుకి రావడం. 1943 సెప్టెంబర్ 13 రాత్రి సిబ్బంది కాక 109 మంది కమాండోలను ఎక్కించుకొచ్చి కోర్సికాలోనే ఉన్న అజాక్సియోలో దించింది. అక్టోబర్ 4కి బాస్టియా కూడా విముక్తమైంది. ఓడని 1956లో తుక్కు చేశారు.

పొడవు 92 మీటర్లని చెబితే నాన్న మైదానంలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. "కుర్సురా అంతే ఉందిరా. 109 మందిని ఎక్కడ కుక్కారు?" అని అక్కడినుంచే కేకేశారు.

"వాళ్లనెవరూ క్లీనింగ్ చార్జీ అడగలేదుగా మావయ్యా," అంది మా ఆవిడ.

పక్కనే కాఫీ హోటల్లో ఫియాదోనే తిన్నాం. బ్రొచ్చు జున్నుతో చేసే కేకు, నిమ్మ వాసన, ముక్క 5.50. తప్పకుండా తినండి. ఆదివారం వెళ్తే మైదానంలో పాత సామాన్ల సంత కూడా ఉంటుంది. గది బుక్ చేసేముందు మాత్రం మూడో మంచం ఫోటో అడగండి, పరిచి తీసింది.