ఇత్తడి కడిగే డ్రమ్ము: లోపలి మెరుపుకి దండం, మూతకి ఇంకో దండం

కొన్న కొత్తల్లో, ఇత్తడి సామాను లోపలేసి తిప్పి కడిగే ఈ టంబ్లర్ మిషను గురించి కనపడినోళ్ళందరికీ చెప్పాను, కొనుక్కోండని ఒకరిద్దరి వెంట కూడా పడ్డాను. ఇప్పుడూ తీసిపారెయ్యను, కాకపోతే అప్పుడు చెప్పినంత గట్టిగా అయితే చెప్పలేను. అంతా ఆ మూత పుణ్యం.

మాది టంగుటూరు దగ్గర, మందు కొట్టే పంపులు, స్టవ్వులు రిపేరు చేసే షాపు. ఈ మిషను అసలు మనలాంటోళ్ళ కోసం చేసింది కాదు. అమెరికాలో తుపాకులు కాల్చే సరదా ఉన్నోళ్ళు, పేలిపోయిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరుకొచ్చి, మసి వదిలించి, మళ్ళీ మందు దట్టించుకుంటారు, ఆ కడుగుడు కోసం వచ్చింది. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారీ అంటే ఆయుధాల చట్టం కింద నేరుగా కేసే, ఎన్‌సీసీలో ఫైరింగు చేసినోళ్ళని అడగండి, ఖాళీ గుల్లలు కూడా లెక్క చూసుకుని వెనక్కి తీసుకుంటారు. నాకు ఆ గోల లేదు, నాకు కావాల్సింది మందు పంపు చివర చిమ్మే ఇత్తడి నాజిళ్ళు. గుల్లకైనా నాజిలుకైనా బాధ ఒకటే, పైన రుద్దితే వచ్చేస్తది, లోపలికి వేలు పోదు బ్రష్షు పోదు.

ఆ లోపల పనిలో మాత్రం దీన్ని మించింది నేను చూళ్ళా. మిల్లీమీటరు లావు, అయిదారు మిల్లీమీటర్ల పొడవుండే స్టీలు పుల్లలు రెండు కిలోల పైన వస్తాయి, వాటితో పాటు సామాను వేసి, నీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) అర చెంచా వేసి రెండు మూడు గంటలు తిరగనివ్వడమే. పొగాకు తోటల్లో మందు కొట్టీ కొట్టీ మూసుకుపోయిన నాజిలు, చిలుముతో పచ్చగా అయింది, మరలోపల ఒక్కో చుట్టూ లెక్కపెట్టుకునేంత శుభ్రంగా బయటికొచ్చుద్ది. ఒకాయన అయితే తన నాజిలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి "ఏంది బావా, నాది ఉంచుకుని కొత్తది ఇచ్చావా" అన్నాడు.

ఇక మూత సంగతి. ఒంగోల్లో హాస్టలు నడిపే మా బావమరిది పాత ఇత్తడి కుళాయిలు సంచీడు తెచ్చి పడేశాడు. ప్రకాశం బోరు నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు కదా, ఒక్కోదాని మీద తెల్లగా గార, గోటితో గీకితే రాదు. ఎప్పట్లాగే నిమ్మ ఉప్పు వేసి, మూత బిగించి, స్విచ్చి వేసి పక్కన స్టవ్వు విప్పుకుంటా కూర్చున్నా. కాసేపటికి మూత అంచు నుంచి బుస్సుమని నురగ, రబ్బరు వాషరు జరిగిందేమోలే అనుకుని లేచేలోపే డప్పుమని మూత ఎగిరి షట్టరుకి తగిలింది. నల్లటి నీళ్ళు గోడ మీద, బల్ల మీద, విప్పిన స్టవ్వులో, పుల్లలైతే ఇక ఎక్కడ లేవో అడగాలి. స్పీకరు అయస్కాంతం ఒకటి పీకి తాడు కట్టి నేలంతా ఈడ్చాం, స్టెయిన్‌లెస్ కాబట్టి కొంచెం కొంచెంగా అతుక్కుంటాయి, సగం అతుక్కోవు. ఆ తర్వాత చాన్నాళ్ళు చెప్పు అడుగున గుచ్చుకుని ఇంటిదాకా వచ్చేవి, మా ఆవిడ చీపురు పట్టినప్పుడల్లా నాకు పాఠమే.

విషయం ఏందంటే ఆ గార సున్నం, దాని మీద నిమ్మ ఉప్పు పడితే గ్యాసు పుట్టుద్ది. మూత బిగించిన డ్రమ్ములో గ్యాసు పుడితే గోళీ సోడానే. తూటా గుల్లల మీద ఉండేది మసి, సున్నం కాదు, అందుకే వాళ్ళకి ఈ బాధ తెలీదు, గంటలు గంటలు మూసి తిప్పుతారు. అమ్మినోడికి ఫోను చేస్తే "మీరు ఆసిడ్ వేశారు కదండీ" అంటాడు, నిమ్మ ఉప్పు వెయ్యమని వాడిచ్చిన కాగితంలోనే రాసుంది! మూత ఒక్కటే అమ్మరంట, డ్రమ్ము మొత్తం కొనాలంట. ఒళ్ళు మండి ఒంగోల్లో లేతు పనోడి చేత నైలాన్ మూత తిప్పించుకున్నా, వాళ్ళిచ్చిన దానికన్నా అదే గట్టిగా ఉంది.

ఇప్పుడు గార ఉన్న సామాను ఏదైనా ముందు తెరిచిన బకెట్లో నిమ్మ ఉప్పు నీళ్ళల్లో వేసి, బుడగలు పూర్తిగా ఆగినాకే డ్రమ్ములోకి. మందు పంపుల సామాను అయితే దానికన్నా ముందే విడిగా కడగాలి, ఆ నీళ్ళు కాలవలోకి వదలమాకండి. నిమ్మ ఉప్పు ఎక్కువైనా, రాత్రంతా వదిలేసినా ఇత్తడి గులాబి రంగుకి తిరుగుద్ది, పైపైన జింకు పోయి రాగి తేలుద్ది అన్నమాట. చివర కడగడానికి బోరు నీళ్ళు వాడితే ఆరినాక మళ్ళీ తెల్ల మచ్చలు, నేను క్యాను నీళ్ళల్లో ముంచి తీస్తున్నా, ఖర్చే మరి.

కొందరు తొందరగా మెరవాలని అమ్మోనియా ఉన్న పాలిష్ వాడతారు, నేనైతే దగ్గరికి రానివ్వను. బ్రిటిషోళ్ళ కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల గుల్లలు ఊరికే పగిలిపోయేవంట, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో తేల్చారు. బిగువు మీదున్న ఇత్తడికి అది పడదు.

పుల్లలు ఇరుక్కోవడం ఇంకోటి. సన్న బెజ్జంలో రెండు పుల్లలు జంటగా దూరితే సూదితో పొడిచి తియ్యాల్సిందే, స్టవ్వు బర్నర్ల చీలికల్లో అయితే మరీను. కడిగే టైముకన్నా ఏరే టైము ఎక్కువైన రోజులున్నాయి. కొన్న కొత్తల్లో ఇది చెప్పలా, అప్పుడు అంత పని పడలా.

నాకైతే పొగాకు సీజన్లో నాజిళ్ళు గంపల్లెక్కన వస్తాయి కాబట్టి గిట్టుబాటే. మీ ఊళ్ళో నీళ్ళు మంచివైతే మూతతో కూడా పేచీ ఉండకపోవచ్చు. ఇంట్లో దీపం కుందులు, పూజ గంట కోసమని అడిగేవాళ్ళకి మాత్రం చింతపండు, పీతాంబరి ఉండగా ఇంత డబ్బు ఎందుకనే చెప్తున్నా, అందులోనూ నగిషీ ఉన్న వాటిల్లో పుల్లలు దూరితే తియ్యడం నావల్ల కూడా కాదు.